సినిమా బాగాలేదంటే పార్టీని తిట్టినట్టేనా?

గోస్తనీ_తీరం
కనుమ నాడు మధ్యాహ్నం అందరం భోజనాలకు కూర్చున్నాం. గారెలు, కోడికూర వడ్డిస్తున్నాం. సాయంత్రం ఏ సినిమాకు వెళ్దామన్న మాట వచ్చింది. మా తమ్ముడు ఒక హీరో పేరు చెప్పి, "ఆయన కిందటి సినిమాలో రెండో సగమంతా నిద్రపోయాను, ఈసారి వద్దు" అన్నాడు. మా బావగారి ముఖం మారిపోయింది. "నీకు సినిమా నచ్చలేదా, మా పార్టీ నచ్చలేదా, సూటిగా చెప్పు" అన్నారు. తమ్ముడు కూడా తగ్గలేదు. పింఛన్లు, రోడ్లు, రాజధాని, ఎవరి హయాంలో ఎవరెంత తిన్నారు, అన్నీ విస్తళ్ల మీదికి వచ్చాయి. బావగారు సగం అన్నం వదిలేసి చెయ్యి కడుక్కున్నారు. అక్కను, పిల్లలను తీసుకుని నాలుగింటి బస్సుకు వెళ్లిపోయారు.

అమ్మ వాళ్ల కోసం సర్దిన అరిసెల డబ్బా బల్ల మీదే ఉండిపోయింది. మూత మీద అక్క పేరు కొట్టించిన స్టీలు డబ్బా అది, పెళ్లిలో సారె పెట్టినప్పటిది. పది రోజులైనా అమ్మ దాన్ని అక్కడి నుంచి తీయడం లేదు, ఎవరినీ తీయనివ్వడం లేదు.

మీ ఇళ్లలోనూ ఇంతేనా? సినిమా గురించి సినిమాగా మాట్లాడుకోవడం మనకు ఎప్పుడు పోయింది?

కాజా_కాకినాడ
మా ఇంట్లో అయితే కుటుంబం వాట్సాప్ గ్రూపే రెండుగా చీలింది. పెద్దనాన్న వాళ్లది ఒకటి, మాది ఒకటి. రెండింటిలోనూ ఉన్నది మా నాయనమ్మ ఒక్కతే. పొద్దున్నే రెండు చోట్లా ఒకే వెంకటేశ్వరస్వామి బొమ్మ పెడుతుంది.

తులసికోట
ఆ నాయనమ్మకు నా నమస్కారాలు చెప్పండి.

పాత_రీలు
అమ్మా, ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. 1979లో ఒక చిన్న పట్నంలో సినిమా హాల్లో ఆపరేటర్‌గా చేరాను. కార్బన్ కడ్డీల వెలుగుతో మొదలుపెట్టి జెనాన్ ల్యాంపు దాకా చూశాను. ఆపరేటర్ గదిలో తెర వైపు చిన్న కిటికీ ఉంటుంది. ముప్ఫై ఏళ్లు జనాన్ని ఆ కిటికీలోంచే చూశాను. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ, ఎవరెక్కడ ఈల వేస్తారో, ఎవరు లేచి వెళ్లిపోతారో చీకట్లోనే తెలిసిపోయేది.

1982 మార్చిలో రామారావు గారు పార్టీ పెట్టారు. పాత చెవ్రొలెట్ వ్యాను మీద, ఖాకీ బట్టల్లో ఊరూరూ తిరిగారు. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం. మా ఊరికి రాత్రి పదకొండింటికి వస్తారన్నారు, వచ్చేసరికి తెల్లవారింది. రెండో ఆట వదిలినా జనం ఇళ్లకు వెళ్లలేదు, హాలు మెట్ల మీదే కూర్చున్నారు. నేనూ కూర్చున్నాను.

కానీ ఒక మాట గట్టిగా చెబుతాను. మా గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి నాగేశ్వరరావు గారి వీరాభిమాని. రామారావు గారి పోస్టర్ మీద పేడ కొట్టిన చెయ్యి అది. 1983 జనవరిలో అతను సైకిల్‌కే ఓటు వేశాడు, అందరికీ చెప్పి మరీ వేశాడు. ఎందుకురా అంటే, "అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులను ఢిల్లీ మార్చింది, మనకేమైనా లెక్క ఉందా" అన్నాడు. చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. చదువు నాలుగో తరగతి.

అభిమానం వేరు, ఓటు వేరు అని అతనికి తెలుసు. మీ బావగారికి, మీ తమ్ముడికి కూడా తెలిసే ఉంటుంది. పండగ పూట పట్టుదల ఎక్కువైంది, అంతే.

సర్కారు_ఎక్స్‌ప్రెస్
పాత_రీలు గారి మాటకు నాదొక చేర్పు. తారలు ఎన్నికల్లోకి రావడం 1982లో మొదలు కాలేదు. కొంగర జగ్గయ్య గారు 1967లోనే ఒంగోలు నుంచి కాంగ్రెస్ తరఫున లోక్‌సభకు గెలిచారు. 1989లో కృష్ణ గారు ఏలూరులో, జమున గారు రాజమండ్రిలో గెలిచారు. ఇద్దరూ కాంగ్రెస్సే. అదే ఏడాది రామారావు గారు హిందూపురంలో గెలిచి కల్వకుర్తిలో ఓడారు. ఆయనంతటి వారిని ఓడించిన ఊళ్లో కూడా ఆయన సినిమా వేస్తే జనం వెళ్లకుండా ఉన్నారా? నాకు తెలిసి ఉండరు.

పెన్నా_ఇసుక
ఎవరూ అనడం లేదు కాబట్టి నేనే అంటాను. కులం.

ఇంటర్‌లో హాస్టల్‌లో చేరిన మొదటి రాత్రి. పక్క మంచం అబ్బాయి, "నువ్వు ఏ హీరో అభిమానివి?" అని అడిగాడు. స్నేహం కోసం అడిగాడనుకుని సంబరంగా చెప్పాను. వెంటనే "మీ ఇంటిపేరు ఏమిటి?" అన్నాడు. చెప్పాను. గదిలో ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "మరి నీకు ఆయనెందుకు నచ్చాడు?" అన్నారు. నిజంగానే అర్థం కాక అడిగారు. పదహారేళ్ల పిల్లలు. ఒక మనిషి నటన నచ్చడానికి ఇంటిపేరు కలవాలని వాళ్లకు ఎవరు నేర్పారు? మొదటి ప్రశ్న సినిమాది కానే కాదని నాకు అప్పుడు తెలిసింది.

విస్తళ్ల మీదికి వచ్చిన గొడవ పార్టీదే అనుకోకండి.

బెంచీ_క్లాసు
పెన్నా_ఇసుక గారూ, మీరు పడ్డ బాధను కాదనను. కానీ మొత్తం అదే అంటే ఒప్పుకోను. మాది సముద్రం ఒడ్డున మత్స్యకారుల పేట. మా పేటలో కటౌట్లు కట్టిన వాళ్లకు ఏ హీరోతోనూ చుట్టరికం లేదు, ఇంటిపేరూ కలవదు. విడుదలకు ముందు రోజు వేట మానేసి, తాళ్లు, వాసాలు మోసుకుని పదిహేను కిలోమీటర్లు వెళ్లేవాళ్లు. కట్టేది వలకు వేసే ముడులతోనే. గాలివాన వచ్చినా మా వాళ్లు కట్టిన కటౌట్ కదిలేది కాదు, పక్కవాళ్లది వాలిపోయేది. ఆ ముడిని చూసుకుని మా నాన్న పడిన గర్వం నాకు గుర్తుంది. తెర మీద మనిషి మాలాంటి వాడిగా నటించి గెలిచాడు, మాకది చాలు.

పెన్నా_ఇసుక
కటౌట్ కట్టింది మీరు, నిజం. ఆ అభిమాన సంఘానికి అధ్యక్షుడు ఎవరు?

బెంచీ_క్లాసు
...మా పేటవాడు కాదు. ఆ ప్రశ్న నేనెప్పుడూ వేసుకోలేదు.

రెండో_ఆట
మీ చర్చలో హాళ్లు నడిపేవాళ్లు ఎక్కడా లేరు. మా మామయ్యది మండల కేంద్రంలో 480 సీట్ల హాలు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం టికెట్ ధరలు కట్టడి చేసింది గుర్తుందా? గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లలో 5, 10, 15 రూపాయలు. టీ కన్నా టికెట్ చవక. సామాన్యుడికి సినిమా అందాలన్న మాటను నేను తప్పు పట్టను. కానీ అయిదు రూపాయల టికెట్‌తో కరెంటు బిల్లు ఎలా కట్టాలి? మామయ్య డిసెంబరులో ఆట ఆపేశారు. 2022 మార్చిలో కొత్త ధరలు వచ్చాయి, 20 నుంచి 250 దాకా. ఆ మూడు నెలల్లో ఎలుకలు తెర అడుగు భాగం కొరికేశాయి.

ఆ రోజుల్లో ఒక పార్టీ వాళ్లు వచ్చి "పెద్ద హీరోలను అణచడానికి చేశారు, మీరు మాట్లాడండి" అనేవారు. ఇంకొక పార్టీ వాళ్లు వచ్చి "ఇన్నాళ్లూ జనాన్ని దోచుకున్నారు, నోరు మూసుకోండి" అనేవారు. గేటు దగ్గర పనిచేసే ఆరుగురికి జీతాలు ఎలా ఇస్తున్నారని అడిగినవాడు లేడు. ఇప్పుడు పెద్ద సినిమా వస్తే ధర పెంచుకోమని ప్రత్యేకంగా ఉత్తర్వులు ఇస్తున్నారు. అప్పుడు మా ఊళ్లో నలుగురు పిల్లలున్న ఇల్లు సినిమా మానేస్తోంది. అదీ నాకు బాధే.

కాజా_కాకినాడ
ఆ హాలు ఇప్పుడు నడుస్తోందా?

రెండో_ఆట
పెళ్లిళ్లకు ఇస్తున్నారు. తెర ఉన్న చోట వధూవరుల కుర్చీలు వేస్తారు. బాల్కనీలో భోజనాలు.

మంజీర
ఆంధ్ర వాళ్ల ఇళ్లలో ఈ గొడవ నాకు కొత్త. మెదక్ వైపు మా ఇంట్లో హీరోల మీద మాటలు ఉండేవి కానీ, అవి ఓటు దాకా వెళ్లేవి కావు. మాకు రాజకీయం సినిమాలోంచి రాలేదు, పాటలోంచి వచ్చింది. ఉద్యమం రోజుల్లో ధూంధాం పెడితే మా అమ్మ బీడీలు చుట్టే చాట పక్కన పెట్టి వెళ్లేది. గొంగడి భుజాన వేసుకుని గద్దర్ వేదిక మీదికి వస్తుంటే లేచి నిలబడేది. ఆయన ఏ పార్టీ అని ఎవరూ అడిగేవారు కాదు. 2023 ఆగస్టులో ఆయన పోయినప్పుడు మా ఇంట్లో రెండు పార్టీల వాళ్లూ కలిసి ఎల్బీ స్టేడియానికి వెళ్లారు. ఇప్పుడు రాష్ట్ర సినిమా అవార్డులే ఆయన పేరు మీద ఇస్తున్నారు.

నాకు మాత్రం హీరోల గొడవల మీద మనసు విరిగింది 2024 డిసెంబరు 4 రాత్రి. ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో పెద్ద సినిమా ముందస్తు ఆటకు హీరో వచ్చాడు, తొక్కిసలాట జరిగింది, ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. నేను ఆ దగ్గర్లోనే ఉంటాను. మర్నాడు కూరగాయలకు వెళ్తే బండి దగ్గర నలుగురు వాదించుకుంటున్నారు. హీరోది తప్పా, పోలీసులదా, ముఖ్యమంత్రి కావాలని చేస్తున్నారా? ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడన్న మాట ఒక్కరి నోటా రాలేదు. నేను కూరగాయలు తీసుకోకుండా వెనక్కి వచ్చేశాను.

తులసికోట
మంజీర గారూ, ఆ రోజు నేను కూడా టీవీ కట్టేశాను. మా అబ్బాయిదీ ఇంచుమించు అదే వయసు.

డల్లాస్_బాబాయి
ఇక్కడ లేదనుకోకండి. పార్టీ జెండాలు కట్టిన కార్లు వరుస కట్టి సినిమాకు వెళ్తాయి. మా అమ్మాయికి పన్నెండేళ్లు. హాలు బయట జెండా చూసి, "నాన్నా, ఇది సినిమాలో పార్టీయా, నిజం పార్టీయా?" అని అడిగింది. నాకు ఓటే లేదు ఆ ఎన్నికల్లో. అయినా పదిహేనేళ్ల స్నేహితుడితో ఆరు నెలలు మాటలు లేవు. వాడి పిల్ల, నా పిల్ల ఒకే చోట కూచిపూడి నేర్చుకుంటారు. ఒకే కారులో దింపేవాళ్లం, విడివిడిగా దింపడం మొదలుపెట్టాం. పిల్లలు అడిగితే పెట్రోలు, దారి అని ఏదో చెప్పాను. ఆ అబద్ధం చెప్పినందుకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

ఓ_పాజిటివ్
అందరూ అభిమానులను తిడుతున్నారు కాబట్టి రెండో వైపు చెప్పాలి. 2006లో మా అమ్మకు ఆపరేషన్. అర్ధరాత్రి రెండు సీసాల రక్తం కావాలన్నారు. చుట్టాలు ఫోను ఎత్తలేదు. ఆసుపత్రి ఎదుట టీ బండి అతను, "అభిమాన సంఘం కుర్రాళ్లకు చెబుతాను" అన్నాడు. ముగ్గురు వచ్చారు. ఒకడి చొక్కా వెనుక హీరో బొమ్మ. పేరు అడిగితే చెప్పలేదు, హీరో పేరు చెప్పాడు. చిరంజీవి గారు 1998లో రక్తనిధి పెట్టినప్పటి నుంచి ఆ పిల్లలకు అది అలవాటుగా మారింది. ఆ చొక్కా మీద ఎవరైనా మాట విసిరితే నాకు కష్టంగా ఉంటుంది, ఆయన పార్టీకి నేనెప్పుడూ ఓటు వేయకపోయినా.

పాత_రీలు
ఇది చెప్పకుండా ఉండలేను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. రామారావు గారు, నాగేశ్వరరావు గారు కలిసి జోలె పట్టుకుని విరాళాలకు తిరిగారు. వాళ్ల అభిమానులు ఒకరి పోస్టర్ల మీద ఒకరు పేడ కొట్టుకునే రోజులవి. ఆ ఇద్దరినీ ఒకే లారీ మీద చూసి మా వీధిలో ఆడవాళ్లు చేతి గాజులు తీసి వేశారు. మా అమ్మ వేసింది ఒక ఇత్తడి చెంబు. అది జోలెలో పట్టకపోతే లారీ మీది మనిషి వంగి చేత్తో అందుకున్నాడు.

తులసికోట
మా అత్తగారి సంగతి చెబుతాను. 74 ఏళ్లు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా సీరియళ్లు. మధ్యలో ప్రకటనలు వచ్చినప్పుడు మా ఆయన రిమోట్ లాక్కుని వార్తా ఛానెల్ పెడతారు. అందులో నలుగురు అరుచుకుంటుంటే ఈయన అయిదోవాడు. ఆవిడ ఒక్క మాట మాట్లాడకుండా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటుంది. ఎవరికి ఓటు వేసిందో కన్నకొడుకులకు కూడా చెప్పదు. ఒక్కసారి నాతో అంది: "ఆ అబ్బాయి సినిమాలన్నీ చూశాను, ఏడ్చాను కూడా. ఓటు మాత్రం కుళాయి వేయించిన వాళ్లకు వేశాను. వాడితో చెప్పకు, అన్నం తినడు."

కాజా_కాకినాడ
"అన్నం తినడు" దగ్గర నాకు మా నాన్న కనిపించారు. ఫలితాల రోజు మా ఇంట్లో వంట చేయడం కూడా దండగే.

సర్కారు_ఎక్స్‌ప్రెస్
తులసికోట గారి అత్తగారిలా ఆలోచించే వాళ్లే ఎక్కువ, అంకెలు చూడండి. 2009లో చిరంజీవి గారి సభలకు ఇసుక వేస్తే రాలని జనం. వచ్చినవి 18 సీట్లు. ఆయన తిరుపతిలో గెలిచారు, సొంత జిల్లా పాలకొల్లులో ఓడారు. 2019లో పవన్ కల్యాణ్ గారు గాజువాక, భీమవరం రెండు చోట్లా ఓడారు. అదే జనం, అదే హీరో, 2024లో పోటీ చేసిన 21 అసెంబ్లీ సీట్లూ ఆయన పార్టీకి ఇచ్చారు. అప్పటికి పొత్తు మారింది, కాలం మారింది. సినిమా ఆడినంత మాత్రాన ఓటు పడదు, ఆడనంత మాత్రాన పోదు. గోస్తనీ_తీరం గారి బావగారికి ఈ లెక్క చూపించండి, సినిమా బాగాలేదన్న మాటతో వాళ్ల పార్టీకి వచ్చే నష్టం ఏమీ లేదు.

పెన్నా_ఇసుక
లెక్కలు చూపిస్తే మనిషి ఇంకా బిగుసుకుంటాడు. ఆ డబ్బా పట్టుకుని ఎవరైనా వెళ్లండి. తమ్ముడు వద్దు, మీరే వెళ్లండి.

బెంచీ_క్లాసు
అవును. ఈ విషయంలో పెన్నా_ఇసుక గారితో కలుస్తాను.

గోస్తనీ_తీరం
మీ మాట విని ఆదివారం వెళ్లాను. తాడేపల్లిగూడెంలో బస్సు మారి జంగారెడ్డిగూడెం చేరేసరికి పదకొండయింది. డబ్బా ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాను. బావగారు దుకాణంలో ఉన్నారు. నన్ను చూసి లేచారు, ఏమీ అనలేదు, కుర్రాడిని పంపి సోడా తెప్పించారు.

నేను సినిమా మాట ఎత్తలేదు. ఆయనే గల్లాపెట్టె అడుగు నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశారు. అందులో ఫొటో. 2008 ఆగస్టు 26, తిరుపతి. ప్రజారాజ్యం పార్టీ పెట్టిన రోజు. లారీలో రాత్రంతా నిలబడి వెళ్లారట. ఫొటోలో ఇరవై మూడేళ్ల కుర్రాడు, మెడలో కండువా, ఎండకు కళ్లు చిట్లించుకుని నవ్వుతున్నాడు. పక్కనున్న ఇద్దరిలో ఒకరు ఇప్పుడు లేరట. తర్వాత 18 సీట్లు, 2011లో కాంగ్రెస్‌లో కలిపేశారు. "దుకాణానికి వచ్చిన ప్రతివాడూ నవ్వి పోయాడమ్మా. బల్బు కొంటూ నవ్వారు, వైరు కొంటూ నవ్వారు. 2019లో మళ్లీ నవ్వారు. మీ తమ్ముడు సినిమా గురించే అన్నాడని నాకు తెలుసు. కానీ ఆ నవ్వే వినిపించింది" అన్నారు.

పదహారేళ్లుగా మా ఇంటికి వస్తున్న మనిషి. ఈ సంగతి మాకెవరికీ తెలియదు. అక్కకు కూడా సగమే తెలుసు. ఇంటికి వచ్చాక తమ్ముడితో చెప్పాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. రాత్రి బావగారికి ఫోను చేశాడు. నలభై నిమిషాలు మాట్లాడుకున్నారు, అందులో పది నిమిషాలు మళ్లీ గట్టిగానే. సినిమా రెండో సగం బాగాలేదన్న మాట మీద వాడు ఉన్నాడు, బాగుందన్న మాట మీద ఆయన ఉన్నారు. ఉగాదికి వస్తామన్నారు.

పాత_రీలు
అరిసెలు గట్టిపడి ఉంటాయే ఈ పాటికి?

గోస్తనీ_తీరం
రాయిలా అయ్యాయండీ. అయినా బావగారు దుకాణంలోనే ఒకటి తీసి కొరికారు, పంటికి దిగలేదు.

తులసికోట
ఇడ్లీ పాత్రలో రెండు నిమిషాలు ఆవిరి పట్టమని మీ అక్కకు చెప్పండి. అంతకన్నా ఎక్కువ ఉంచితే బెల్లం జారిపోతుంది.